కమాన్ పట్టీ కలిపితే లారీ బలం పెరుగుతుందా?

వేరుశనగ పంట చేతికొచ్చే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మార్కెట్ల దారిలో కాసేపు నిలబడండి. బస్తాల బరువుకు కుంగిన డీసీఎంలు, లారీలు కనిపిస్తాయి. వెనక చక్రాల దగ్గర విల్లులా వంగిన ఉక్కు బద్దల కట్ట ఉంటుంది, చూశారా? అదే కమాన్ కట్ట. బండి కుంగుతున్నదని కొందరు యజమానులు అందులో మరో రెండు పట్టీలు వేయిస్తారు. బండి నిటారుగా నిలుస్తుంది. మరి మోసే శక్తి పెరిగినట్టేనా?

లెక్క వేద్దాం. లారీ టైరు పక్కన 146/143 వంటి అంకెలుంటాయి. అవి కిలోలు కావు, సంకేతాలు. జంటగా బిగించిన టైరుకు 143 అంటే 2,725 కిలోలు. ఇరుసుకు నాలుగు టైర్లయితే మొత్తం 10,900 కిలోలు. కమాన్ కట్ట 15 టన్నులు ఆపగలిగినా టైర్లు ఆపలేవు! బ్రేకుల సంగతీ అంతే. బరువు నాలుగో వంతు పెరిగితే, అదే వేగం నుంచి బండిని ఆపేటప్పుడు పుట్టే వేడి కూడా నాలుగో వంతు పెరుగుతుంది. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యాం వైపు ఘాటు దిగే డ్రైవరును అడగండి, వేడెక్కిన బ్రేకులు ఎలా పట్టు తప్పుతాయో చెబుతాడు.

ఇరుసు, టైరు, బ్రేకు, చట్రం, వీటిలో ఏది బలహీనమో దాన్ని మించి బండి మోయలేదు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు వెనక ఇంత లెక్క ఉంది. అందుకే ఆ వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది.

పరిమితులు అసలు మారవని కాదు. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్న హద్దును 2018లో కేంద్రం 11.5కు పెంచింది. పైన లెక్కించిన టైర్లు దానికి చాలవని గమనించారా? రోడ్డు కూడా ఊరుకోదు. ఇరుసు బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుందని 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన పరీక్షల్లో తేలింది.

ఇక బీమా. సరుకు బండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం మొత్తం బరువును బట్టి ఉంటుంది. 7,500 కిలోల దాకా ఒకటి, 12,000 దాకా మరొకటి, అలా పైకి. 12 టన్నులకు కట్టి 14 మోస్తే, ఆ అదనపు ప్రమాదానికి ఎవరూ ప్రీమియం కట్టనట్టే. చెప్పకుండా చేసిన మార్పు వల్లే బండి దెబ్బతిన్నదని తేలితే కంపెనీ పరిహారానికి పేచీ పెట్టవచ్చు. బస్తాల గురించి కాకపోయినా, మనుషుల గురించి ఇలాంటి తగవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 42 మందికి అనుమతి ఉన్న బస్సులో 90 మంది ఎక్కారు, ప్రమాదం జరిగింది. 42 మంది పరిహారం వరకే బీమా కంపెనీ బాధ్యత అని 2007లో కోర్టు తీర్పిచ్చింది. మిగతా సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోవాలి. అతని దగ్గర లేకపోతే?

బండిని నిజంగా మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి కావాలి. తర్వాత ఆర్‌సీలో నమోదు, బీమా కంపెనీకి కబురు. ఇవేవీ లేకుండా, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటే 44వ జాతీయ రహదారి మీద బండిని కాటా ఎక్కించారనుకోండి. 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకూ 2,000. మూడు టన్నులు ఎక్కువుంటే 26,000! అదనపు బస్తాలు దించేదాకా బండి కదలదు. దించిన కూలీ ఖర్చు కూడా అదనమే.