పిల్లికి రొంప పడితే ఏం లెక్కపెట్టాలి?

వరసగా తుమ్ముతుంది. ముక్కు కారుతుంది, కళ్ళలో పుసులు కడతాయి. వీధిలో చేపల బుట్ట దిగినా లేచి రాదు. గోదావరి జిల్లాల్లో దీన్ని రొంప అంటాం, నింద ముసురు మీదికి తోసేస్తాం. కానీ పిల్లుల రొంపల్లో పదింట ఎనిమిది తొమ్మిదింటికి కారణం రెండు వైరస్‌లు: హెర్పిస్, కాలిసి. రెండూ ఇంకో పిల్లి దగ్గర్నుంచి వచ్చేవే, మనుషులకు అంటవు. కళ్ళు ఎర్రబడి రెప్పలు అతుక్కుపోతుంటే హెర్పిస్‌నీ, నాలుక మీద పుళ్ళు పడి చొంగ కారుతుంటే కాలిసినీ అనుమానిస్తారు. చాలావరకు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. హెర్పిస్ సోకిన వాటిలో నూటికి 80 దాకా దాన్ని బతికినన్నాళ్ళూ మోస్తాయి కాబట్టి, ఇల్లు మారినా, ఇంట్లోకి కొత్త పిల్లి వచ్చినా తుమ్ములు తిరగబెట్టవచ్చు.

ఇంట్లో ముందుగా లెక్కపెట్టాల్సింది ఊపిరి. నిద్రపోతున్నప్పుడు డొక్క ఒకసారి లేచి పడితే ఒకటి. నిమిషానికి 15 నుంచి 30 మామూలే. 40 దాటితే, లేదా నోరు తెరిచి రొప్పితే ఆ పూటే ఆసుపత్రి. ఒళ్ళు వెచ్చగా ఉందని కంగారు పడకండి, పిల్లికి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ సహజం.

నన్నడిగితే అంతకంటే ముఖ్యమైనది తిండి మానేసిన గంటల లెక్క. ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియని తిండిని పిల్లి ముట్టదు. రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని రొంపను మించిన ముప్పు వస్తుంది. 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాలి. కూనలైతే అంతసేపు కూడా ఆగకూడదు.

వేడినీళ్ళు వదిలి ఆవిరి నిండిన స్నానాలగదిలో 10, 15 నిమిషాలు పక్కనే కూర్చోబెట్టుకుంటే ముక్కు కాస్త తెరుచుకుంటుంది. గోరువెచ్చని తడిగుడ్డతో ముక్కూ కళ్ళూ తుడవండి. శీలావతి చేప ముక్క ఒకటి ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు ఏరేసి, వెచ్చగా ఉండగానే పెట్టండి. పులుసులో ముక్క కడిగి పెడితే చాలదూ అంటారు కొందరు. చాలదు, ఉల్లీ వెల్లుల్లీ పిల్లి నెత్తుటి కణాలను పగలగొడతాయి. కర్పూరం, యూకలిప్టస్ నూనె ఉన్న బామ్‌లు కూడా విషమే.

ఇక ప్రతి ఇంట్లో ఉండే పారాసిటమాల్. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములకే కొన్ని పిల్లుల్లో విషలక్షణాలు కనిపించాయి. నాలుగు కిలోల పిల్లికి అది 40 మిల్లీగ్రాములు, అంటే 500 బిళ్ళలో పన్నెండో వంతు. అరబిళ్ళ వేస్తే ఆరు రెట్లు మించినట్టే. మొహం, పాదాలు వాచి చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ మందును విరిచి తీసేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

టీకా కూనకు 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రొంప అసలే రాకుండా ఆపదు గానీ ముదరనివ్వదు.

డెల్టాలో ఇంకో జాగ్రత్త ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో చనిపోయిన కోళ్ళకు బర్డ్ ఫ్లూ అని, అందులోనూ హెచ్5ఎన్1 అని, భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఆ శీతాకాలంలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లుల్లోనూ ఆ వైరస్ బయటపడింది. అది రొంపలా వారంలో తగ్గే రకం కాదు: ఊపిరి అందదు, ఫిట్స్ రావచ్చు, చాలా పిల్లులు చనిపోతాయి. మనుషులకూ సోకే అవకాశం ఉంది. చికెన్ కొట్టు ముందు పారేసే తలకాయలూ పేగులూ మన పిల్లులకు రోజువారీ విందు కదా. ఊళ్ళో కోళ్ళు చనిపోతున్నాయని వింటే పిల్లిని బయటికి వదలకండి, పచ్చి మాంసం పెట్టకండి. ఆ రోజుల్లో పిల్లి జబ్బుపడితే మాస్కు, గ్లవుజులు లేకుండా ఎత్తుకోవద్దు. ఆసుపత్రికి తీసుకెళ్ళేముందే ఫోన్ చేసి కోళ్ళ సంగతి చెప్పండి.