ఫ్లోటింగ్ బ్రేక్ రోటర్లు: బిగింపు భాగాల మార్పిడి ఆవశ్యకత

అధిక సామర్థ్యం గల కార్లలో వాడే ఫ్లోటింగ్ బ్రేక్ రోటర్‌లో ప్రధానంగా రెండు భాగాలుంటాయి: పోత ఇనుప వలయం, ‘హ్యాట్’ అనే అల్యూమినియం మధ్యభాగం. 380 మి.మీ. వ్యాసం గల వలయపు ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ మేర పెరిగితే దాని వ్యాసం సుమారు 2 మి.మీ. పెరుగుతుంది, హ్యాట్ అంతగా వేడెక్కదు. ఈ వ్యత్యాసానికి చోటిస్తూనే బాబిన్లు, బోల్టులు బ్రేకు బలాన్ని వలయం నుండి హ్యాట్‌కు చేరవేస్తాయి.

పదేపదే వ్యాకోచించి సంకోచించడం వల్ల బాబిన్లు అరుగుతాయి. ఒకసారి విప్పిన లాక్‌నట్ల పట్టు తగ్గుతుంది. కనుక వలయాన్ని మార్చినప్పుడు బిగింపు భాగాలన్నింటినీ మార్చి, టార్క్ రెంచితో ఎదురెదురు క్రమంలో, తయారీదారు నిర్దేశించిన మేరకే బిగించాలి. ఒక బోల్టు తెగితే దాని భారం మిగిలినవాటిపై పడుతుంది. అవీ తెగి వలయం విడిపోతే, కాలిపర్ వలయాన్ని ఎంత గట్టిగా పట్టినా చక్రం తిరుగుతూనే ఉంటుంది.