మిద్దె మీది ఎండ

మా జక్రాన్‌పల్లి ప్రాంతంలో ఎండ విలువను ఎవరికీ కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఉడికించిన పసుపు కొమ్ములు కళ్లంలో సరిగా ఎండకపోతే రైతుకు ఏడాది కష్టం చేతికందదు. ఇప్పుడు అదే ఎండ మిద్దెల మీద కరెంటుగా మారుతున్నది. జుహర్, అసర్ వేళలను నీడ కొలిచి పిల్లలకు నేర్పే మమ్మల్ని వారి తల్లిదండ్రులు, “మౌల్వీసాబ్, సోలార్ పెట్టించుకోవచ్చునా?” అని అడుగుతున్నారు.

కాంతి నుంచి విద్యుత్తు పుడుతుందని 1839లోనే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బెకరెల్ గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల తయారుచేసిన సిలికాన్ ఘటం తనపై పడిన కాంతిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. నేటి మంచి పలకలు 20 శాతం దాటాయి. మన రామగుండంలో జలాశయం మీద తేలియాడే 100 మెగావాట్ల కేంద్రం 2022 నుంచి పూర్తిగా పనిచేస్తున్నది.

ఇక ఇంటి సంగతి. ఒక కిలోవాట్ పలకలకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. మన ఎండకు సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. పలకలు దక్షిణానికి వాలి ఉండాలి. మన ప్రాంతంలో కిబ్లా వైపు నిలబడితే దాదాపు ఎడమచేతి దిక్కు అదే. 2024లో మొదలైన కేంద్ర పథకం కింద ఇళ్లకు ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది.

అయితే అందరూ తొందరపడనక్కరలేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకునే కుటుంబానికి దీనివల్ల మిగిలేది స్వల్పం. కూలర్లు, మోటారు, ఫ్రిజ్‌తో ఆ హద్దు దాటి నెలనెలా బిల్లు కట్టే ఇల్లు ఆలోచించవలసినది.

మాకు తెలిసిన ఒక కుటుంబం పలకలు పెట్టించుకున్న వారంలోనే కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, ఇంట్లో ఫ్యాను తిరగలేదు! మోసపోయామని వారు బాధపడ్డారు. నిజానికి బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపిన సోలార్, లైను ఆగగానే తానూ ఆగుతుంది. లేకుంటే మిద్దె మీది విద్యుత్తు తీగల్లోకి ఎదురు ప్రవహించి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కోతల్లోనూ వెలుగు కావాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ అదనంగా కొనాలి. ఈ మాట అమ్మేవారే ముందుగా చెప్పి ఉండవలసింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది అప్పు. సబ్సిడీ పని పూర్తయి, తనిఖీ జరిగిన తరువాతనే ఖాతాలో పడుతుంది. అంతవరకు డబ్బు మనమే సర్దుకోవాలి. బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇస్తామంటున్నాయి. తక్కువైనా అది వడ్డీయే. బిల్లు తగ్గించుకోబోయి రిబాలో చిక్కుకోవడం మాకు సమ్మతం కాదు. కూడబెట్టిన సొమ్ముకు సరిపడా ఒక కిలోవాట్‌తో మొదలుపెట్టవచ్చు. సబ్సిడీ అందేవరకు బంధువులు ఖర్జె హసనాగా సర్దితే వారికీ పుణ్యమే.

పలకల మీద దుమ్మును తెల్లవారుజామునో సాయంత్రమో మంచినీటితో కడగాలి. ఎండకు కాలిన గాజు మీద చన్నీళ్లు పోయరాదు. నీడ దుమ్ముకన్నా చెరుపు. మొన్న పైన చెప్పిన ఇంటి మిద్దె మీద మా విద్యార్థులు అసర్ వేళ నీళ్లట్యాంకు నీడను కొలిచారు. చివరి పలక సగం వరకు నీడ పడుతున్నది. ట్యాంకును ఎంత జరపాలో సుద్దతో గీత గీసి వచ్చారు. డిసెంబరులో నీడ ఇంకా సాగుతుంది కనుక, అప్పుడు మరొకసారి కొలవమని వారికి చెప్పి ఉంచాము.