ల్యాప్‌టాప్‌కు ఉచిత అప్‌గ్రేడ్: ఎంతవరకు ఎదురుచూడాలి?



హాస్టల్లో నలుగురైదుగురికి కలిపి ఒక ల్యాప్‌టాప్ ఉండటం మనకు కొత్తేమీ కాదు. ప్రాజెక్టు రికార్డు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఉద్యోగ పరీక్షల హాల్‌టికెట్లు అన్నీ దాని మీదే జరగాలి. ఆ ల్యాప్‌టాప్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఉచితంగా ఇస్తారని వింటాం. పక్క గదిలో వాళ్లకు వస్తుంది, మనకు రాదు. వారాలు, నెలలు గడుస్తాయి. ఈలోగా "డబ్బులిస్తే గంటలో వేసిపెడతాను" అనేవారు ఎదురవుతారు. ఉచితంగా ఇస్తామన్నది ఎందుకు ఆలస్యమవుతుంది? ఆగితే నిజంగా వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మన డబ్బు, మన చదువు రెండూ నిలబడతాయి. అందుకే ఈ వ్యాసం.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో ప్రాసెసర్, మెమరీ, హార్డ్‌డిస్క్, కీబోర్డు, వై-ఫై ఇలా ఎన్నో భాగాలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి నడిపించే ప్రధాన సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టం. విండోస్, లినక్స్ అలాంటివే. ఒక్కొక్క భాగంతో మాట్లాడటానికి దానికి 'డ్రైవర్' అనే చిన్న ప్రోగ్రాం అవసరం. డ్రైవర్ సరిగ్గా కుదరకపోతే తెర నల్లబడవచ్చు, వై-ఫై పనిచేయకపోవచ్చు.

ఇక్కడ రెండు మాటలకు తేడా గుర్తుంచుకోవాలి. ఉన్న సిస్టంలోని లోపాలను సరిచేసేది అప్‌డేట్. పాత సిస్టం స్థానంలో కొత్తదాన్ని తెచ్చేది అప్‌గ్రేడ్. అప్‌డేట్ ఇంటికి మరమ్మతు చేయించడం లాంటిది. అప్‌గ్రేడ్ సామానుతో సహా కొత్త ఇంటికి మారడం లాంటిది. సామాను పోకుండా మారాలంటే జాగ్రత్త, సమయం రెండూ కావాలి.

ఆలస్యానికి చరిత్ర ఉంది

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న విడుదలైంది. దాని తరువాతిదైన విస్టా 2006 చివరికల్లా ఇళ్లకు చేరుతుందని అందరూ అనుకున్నారు. కానీ 2007 జనవరికి వాయిదా వేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ సంస్థ 2006 మార్చిలో ప్రకటించింది. మరి విస్టా వచ్చేదాకా జనం కొత్త కంప్యూటర్లు కొనడం ఆపేస్తే వ్యాపారం ఏమైపోతుంది? అందుకని 'ఎక్స్‌ప్రెస్ అప్‌గ్రేడ్' అనే పథకం పెట్టారు. 2006 అక్టోబర్ 26 నుంచి 2007 మార్చి 15 లోపు అర్హత గల ఎక్స్‌పీ కంప్యూటర్ కొన్నవారికి, అది ఏ రకం ఎక్స్‌పీ అన్నదాన్ని బట్టి, విస్టాను ఉచితంగానో తగ్గింపు ధరకో ఇస్తామన్నారు. విస్టా మామూలు జనానికి వచ్చింది 2007 జనవరి 30న. అంటే పథకం మొదట్లో కొన్నవారు మూడు నెలలకు పైగా ఆగాల్సిందే. పేరుకు ఎక్స్‌ప్రెస్సే గానీ నడక మాత్రం ప్యాసింజర్ బండిదే!

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ల మీద 'విస్టా నడపగలదు' అనే అర్థం వచ్చే స్టిక్కర్ అంటించి అమ్మారు. వాటిలో కొన్ని విస్టాలోని కనీస రకాన్ని మాత్రమే నడపగలిగాయి. దీని మీద అమెరికాలో 2007లో కోర్టు కేసు కూడా నడిచింది. ఎదురుచూడటం ఒక ఎత్తు, వచ్చినది మన యంత్రం మోయగలగడం ఇంకొక ఎత్తు అని ఆ ఉదంతం నేర్పింది.

అదే కాలంలో ఇంకొక ఆలస్యం జరిగింది. అది వేరే రకం. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ప్రతి ఆరు నెలలకు, అంటే ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కొత్తగా వస్తుంది. విడుదలైన సంవత్సరం, నెల కలిపి దానికి పేరు పెడతారు. 2005 అక్టోబర్‌లో వచ్చినది 5.10. ఆ లెక్కన 2006 ఏప్రిల్‌లో రావలసినది 6.04. కానీ పరీక్షలు ఇంకా చేయాలి, వివిధ భాషల్లో వాడుకకు మెరుగులు దిద్దాలి అని ఆరు వారాలు ఆపి, జూన్ 1న 6.06గా విడుదల చేశారు. ఆలస్యం దాని పేరులోనే నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ నుంచి దించుకోలేనివారికి ఉబుంటు సీడీలను తపాలా ద్వారా ఉచితంగా పంపేవారు. పేరు నమోదు చేసుకుని పోస్ట్‌మ్యాన్ కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఈ సీడీల పంపిణీని 2011 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఆ తరువాత 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 ఉన్నవారికి ఏడాది పాటు ఉచితమని ప్రకటించారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన మరుసటి సంవత్సరమది. ముందుగా పేరు నమోదు చేసుకోమన్నారు. నమోదు చేసుకున్నవారందరికీ మొదటిరోజే రాలేదు, విడతలవారీగా వచ్చింది. 2021 అక్టోబర్ 5న విడుదలైన విండోస్ 11 విషయంలోనూ అంతే. అర్హత ఉన్న యంత్రాలన్నిటికీ చేరేసరికి 2022 మధ్యకాలం అవుతుందని సంస్థ ముందే చెప్పింది.

విడతలవారీగా ఎందుకు?

ఇది కృష్ణా డెల్టా పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీరు వదిలారని పేపర్లో చదువుతాం. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ విజయవాడ ఊళ్లోంచే పారతాయి కనుక నగరవాసులకు ఆ నీరు వెంటనే కనిపిస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు శివారు భూములకు మాత్రం అదే రోజు చేరదు. ఒక్కసారిగా నీరంతా వదిలితే గట్లు తెగుతాయి. అందుకే గట్లు చూసుకుంటూ కొంచెం కొంచెంగా వదులుతారు.

అప్‌గ్రేడ్‌ను కూడా అలాగే వదులుతారు. ప్రపంచంలో వేల రకాల ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఏ రకంలో ఏ డ్రైవర్ మొరాయిస్తుందో ముందుగా పూర్తిగా తెలియదు. కాబట్టి బాగా నడుస్తుందని నమ్మకం ఉన్న యంత్రాలకు ముందు ఇస్తారు. వాటినుంచి వచ్చే లోపాల సమాచారం చూసి, సరిచేసి, తరువాతి విడతకు వెళతారు. ఫలానా రకం యంత్రంలో ఇబ్బంది ఉందని తేలితే దానికి మాత్రం నిలిపివేస్తారు.

తొందరపడితే ఏమవుతుందో చూపే ఉదాహరణ 2018లో జరిగింది. విండోస్ 10కి ఆ ఏడాది అక్టోబర్ 2న ఇచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్ 13న మళ్లీ ఇచ్చారు. మొదటి వరుసలో ఉన్నవారు నష్టపోయారు, వెనక ఉన్నవారు బతికిపోయారు. ఏడాదంతా కష్టపడి టైపు చేసిన ప్రాజెక్టు ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. కనుక ఆలస్యమంతా అన్యాయం కాదు.

వంతు రాకపోవడం, వంతే లేకపోవడం

అయితే అసలు విషయం ఇక్కడ ఉంది. శివారు పొలానికి ఆలస్యంగానైనా నీరు వస్తుంది. కాలువ మట్టం కంటే ఎత్తున ఉన్న మెరక పొలానికి మాత్రం ఎన్నాళ్లు ఆగినా రాదు. నీరు పల్లమెరుగునని మన పెద్దలు అననే అన్నారు. మెరక పొలం రైతు కాలువ వైపు చూస్తూ కూర్చోడు, బోరో ఇంజనో చూసుకుంటాడు. మన ల్యాప్‌టాప్ శివారుదా, మెరకదా అన్నది ముందు తేల్చుకోవాలి.

విండోస్ 11కు కావలసిన కనీస అర్హతలు ఇవి: 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్ సౌకర్యం, టీపీఎం 2.0 అనే రక్షణ చిప్, సంస్థ ఆమోదించిన ప్రాసెసర్. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైవే ఆమోదించినవి. తరం ఎలా తెలుసుకోవాలి? ప్రాసెసర్ పేరులో ఐ5-7200 అని ఉంటే ఏడో తరం, ఐ5-8250 అంటే ఎనిమిదో తరం, ఐ5-10210 అంటే పదో తరం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' అనే ప్రోగ్రాం వేసుకుంటే అర్హత ఉందో లేదో, లేకపోతే ఏది తక్కువైందో అదే చెబుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది. కాబట్టి లేదనగానే నిరాశపడకుండా తెలిసినవారి చేత చూపించుకోవాలి.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, విండోస్ 10కి సాధారణ ఉచిత రక్షణ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారు విడిగా నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చేలా సంస్థ 2025లో ఒక ఏర్పాటు ప్రకటించింది. రక్షణ ఆగినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆగిపోదు, మామూలుగానే నడుస్తుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలను సరిచేసేవారు ఉండరు. స్కాలర్‌షిప్ జమయ్యే బ్యాంకు ఖాతాను అలాంటి యంత్రంలో తెరవడం తాళం లేని పెట్టెలో డబ్బు దాచడమే.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

మెరక పొలానికి బోరు ఉన్నట్టే పాత ల్యాప్‌టాప్‌కూ మరో దారి ఉంది. అదే లినక్స్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టారు. ఈ రెంటి కలయికతో వచ్చిన సిస్టంను ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే డబ్బు లేకుండా అనీ అర్థమే, స్వేచ్ఛ గలది అనీ అర్థమే. మన తెలుగులో ఆ ఇబ్బంది లేదు, రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. విస్టా అప్‌గ్రేడ్ ఉచితం, లినక్స్ స్వేచ్ఛ. ఈ ఉద్యమాన్ని మన తెలుగు నేల మీద నడుపుతున్న సంస్థ పేరు కూడా 'స్వేచ్ఛ'యే. తెలుగులో మెనూలు కనిపించే ఆపరేటింగ్ సిస్టంను కూడా ఆ సంస్థ తయారుచేసింది. భారత ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన 'బాస్' లినక్స్ కూడా తెలుగుతో సహా మన భాషల్లో పనిచేస్తుంది.

లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌లోని పాతదాన్ని కదిలించకుండానే నడిపి చూడవచ్చు. వై-ఫై, శబ్దం, తెర బాగున్నాయనుకుంటేనే వేసుకోవాలి. లిబ్రే ఆఫీస్‌లో రికార్డులు, లెక్కల పట్టికలు చేసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికైతే ఇది ఎంతో అనువైనది. పరిమితులు కూడా చెప్పాలి కదా! ట్యాలీ, ఆటోక్యాడ్ వంటివి విండోస్ కోసం తయారైనవి. కామర్స్, సివిల్ చదివే మిత్రులు పూర్తిగా మారేముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఆగే రోజుల్లో ఏం చేయాలి?

1. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనో ఆన్‌లైన్‌లోనో తప్పక దాచుకోండి. ఉమ్మడి ల్యాప్‌టాప్ అయితే అందరి ఫైళ్లూ దాచండి.

2. డేటా సంగతి చూసుకోండి. అప్‌గ్రేడ్ ఉచితమే అయినా డేటా ఉచితం కాదు. 2015లో విండోస్ 10 ఫైళ్లు కొందరి కంప్యూటర్లలోకి అడగకుండానే దిగాయి. అవి జీబీల కొద్దీ ఉండేవి. ఫోన్ హాట్‌స్పాట్ వాడేటప్పుడు దాన్ని 'మీటర్డ్ కనెక్షన్'గా గుర్తు పెడితే పెద్ద ఫైళ్లు వాటంతటవి దిగకుండా చాలావరకు ఆపవచ్చు.

3. అప్‌గ్రేడ్ జరుగుతుండగా కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగితే ప్రమాదం. బ్యాటరీ నిండుగా ఉంచి, చార్జర్ పెట్టి, తీరిక ఉన్న రోజున మొదలుపెట్టండి. పరీక్షలకు, దరఖాస్తు గడువుకు ముందురోజు అసలే వద్దు.

4. సెట్టింగులలోని విండోస్ అప్‌డేట్ నుంచి గానీ, సంస్థ సొంత సైటు నుంచి గానీ వచ్చినదే తీసుకోండి. మెయిల్లో, వాట్సాప్‌లో వచ్చే అప్‌గ్రేడ్ లింకులు ముట్టుకోవద్దు.

5. అర్హత ఉన్న ల్యాప్‌టాప్‌కు ఉచితంగా వచ్చేదానికి ఎవరికీ డబ్బు కట్టవద్దు. అర్హత లేనిదానికి దొంగ కాపీ వేయించుకోవద్దు. దానితోపాటు వైరస్ కూడా రావచ్చు.

మన తల్లిదండ్రులు కూలి పనులు చేసి పంపిన డబ్బుతో కొనుక్కున్నదో, దాతలెవరో ఇచ్చినదో మన ల్యాప్‌టాప్. "ఇది పాతబడింది, కొత్తది కొనండి" అని తెర మీద కనబడగానే దాన్ని మూలపడేసే స్తోమత మనకు లేదు. అవసరం కూడా లేదు. వంతు ఉందని తెలిస్తే ఓపికగా ఆగుదాం. వంతు లేదని తెలిస్తే ఆ రోజే వేరే దారి చూసుకుందాం. ఏది ఏదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాల సమయం చాలు. అలా తెలుసుకున్నది పక్క గదిలోని తమ్ముడికీ చెల్లికీ కూడా చెప్పండి.