క్రొమటోగ్రఫీ పద్ధతి ఎంపిక

క్రొమటోగ్రఫీ అనగా ఒక మిశ్రమంలోని రసాయన పదార్థాలను విడదీసి, వాటిలో ఏది ఎంత ఉన్నదో కొలిచే విధానం. కదలకుండా ఉండే స్థిర ప్రావస్థ మీదుగా గతిశీల ప్రావస్థ (వాయువు లేదా ద్రవం) ప్రవహిస్తూ మిశ్రమాన్ని తనతో తీసుకుపోతుంది. స్థిర ప్రావస్థకు ఎక్కువగా అంటుకొనే పదార్థం వెనుకబడుతుంది, తక్కువగా అంటుకొనేది ముందు బయటికి వస్తుంది. రష్యాలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆకులలోని రంగులను ఈ విధంగా వేరుచేసి, గ్రీకు పదాలతో "రంగుల లేఖనం" అనే అర్థం వచ్చే ఈ పేరు పెట్టాడు. నేడు దీనితో కొలిచే పదార్థాలలో అధిక భాగం రంగు లేనివే.

ఎంపికకు ఆధారం

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు తరచు ప్రయోగశాలలో ఏ పరికరం ఖాళీగా ఉంటే దానితోనే పని మొదలుపెడతారు. నిజానికి మొదట చూడవలసినది కొలవదలచిన పదార్థపు స్వభావం. వేడికి విచ్ఛిన్నం కాకుండా ఆవిరయ్యే ఆల్కహాలు, సుగంధ తైలాల వంటి వాటికి వాయు క్రొమటోగ్రఫీ (జి.సి.) తగినది. ఆవిరి కానివి, వేడికి చెడిపోయేవి అయిన అనేక ఔషధాలకు, విటమినులకు అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ (హెచ్.పి.ఎల్.సి.) వాడతారు. నీటిలోని ఫ్లోరైడు, నైట్రేటు వంటి అయానులకు అయాన్ క్రొమటోగ్రఫీ ఉన్నది. అయితే విడదీయగలిగినంత మాత్రాన సరిపోదు, బయటికి వచ్చిన పదార్థాన్ని డిటెక్టరు గుర్తించగలగాలి. చాలామంది మరచేది ఈ రెండవ విషయాన్నే.

ఉదాహరణ: దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్

డైఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను దెబ్బతీసే విషం. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును దీనిలో కరిగించి అమ్మగా 100 మందికి పైగా మరణించారు. ఇది కలిసిన సిరప్పుల వలన 2022లో గాంబియాలోను, 2025లో మధ్యప్రదేశ్‌లోను చిన్నపిల్లలు చనిపోయారు. సిరప్పులలో మామూలుగా వాడే గ్లిజరిన్ వలె ఇది కూడా రంగులేని, తియ్యని, చిక్కని ద్రవం కనుక చూసి పోల్చుకొనుట అసాధ్యం.

ఔషధ పరీక్ష అనగానే హెచ్.పి.ఎల్.సి. గుర్తుకు రావడం సహజం. కాని ఆ పరికరానికి సాధారణంగా అమర్చే అతినీలలోహిత డిటెక్టరుకు ఈ గ్లైకాల్ దాదాపు కనిపించదు. ఆ కాంతిని పీల్చుకొనే నిర్మాణం దాని అణువులో లేదు. గ్రాఫు శుభ్రంగా వస్తుంది, విషమున్న మందు కూడా మంచిదిగా తోస్తుంది. మరోవైపు దాని మరుగు స్థానం సుమారు 245 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. అందువలన జ్వాలా అయనీకరణ డిటెక్టరు గల జి.సి. దీనికి తగినది. అమెరికా ఫార్మకోపియా ప్రకారం గ్లిజరిన్‌లో ఇది 0.10 శాతానికి మించరాదు.

జి.సి. ఖరీదైన పరికరం. ప్రతి సిరప్పునూ దానితో పరీక్షించలేని చోట్లకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు అంచెల పద్ధతి సూచించింది. మొదట సిలికా పూసిన పలకపై పలుచని పొర క్రొమటోగ్రఫీతో వడపోసి, అనుమానం కలిగిన వాటిని జి.సి.తో కొలుస్తారు.

ఆచరణలో జాగ్రత్తలు

సిరప్పులోని చక్కెర ఆవిరి కాక జి.సి. ప్రవేశభాగంలో మాడి పేరుకుంటుంది. దీనివలన తరువాతి ఫలితాలు క్రమంగా చెడుతాయి. నమూనాను తగిన ద్రావణితో పలుచన చేసి వడకట్టడం, లోపలి గాజు గొట్టాన్ని తరచు మార్చడం అవసరం. పరిమాణం తెలిసిన గ్లైకాల్‌ను శుద్ధమైన సిరప్పులో కలిపి, అది తిరిగి ఎంత వచ్చిందో చూడాలి. సగమే వచ్చినచో లోపం నమూనా తయారీలో ఉండవచ్చు. ప్రామాణిక పదార్థం వచ్చిన సమయానికే నమూనాలోనూ శిఖరం కనిపించినంత మాత్రాన రెండూ ఒకటేనని నిర్ధారించరాదు. వేరొక రకపు కాలమ్‌తో గాని, మాస్ స్పెక్ట్రోమీటరుతో గాని ధ్రువపరచుకొంటారు.