డిలీట్ కొట్టినా స్టోరేజ్ ఎందుకు ఖాళీ అవ్వదు? మెయిన్‌ఫ్రేమ్ దగ్గర నేను తిన్న దెబ్బ

ఫోన్‌లో "స్టోరేజ్ ఫుల్" అని వచ్చింది. కూర్చుని పాత చాట్లన్నీ వేలకొద్దీ డిలీట్ చేశారు. తీరా సెట్టింగ్స్‌లో చూస్తే యాప్ సైజ్ దాదాపు అంతే ఉంది. ఫోన్‌లో ఏదో తేడా ఉందనుకున్నారా? లేదు ఫ్రెండ్స్. ఇదే దెబ్బ నేను ఒక బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ మీద తిన్నాను. అదీ అర్ధరాత్రి!

ఆ రాత్రి ఏం జరిగింది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మెయిన్‌ఫ్రేమ్ సపోర్ట్ టీమ్‌లో ఉండేవాడిని. డేటాబేస్ ఐబీఎం డీబీ2, అది నడిచే ఓఎస్ జెడ్/ఓఎస్. నైట్ షిఫ్ట్‌లో డిస్కులు నిండిపోతున్నాయని అలర్ట్ వచ్చింది. తెల్లారేలోపు బ్యాచ్ ముగియాలి, దానికోసం ట్రాన్సాక్షన్ టేబుల్ ఇంకా పెరగాలి. పక్కనే హిస్టరీ టేబుల్‌లో గడువు దాటిన రికార్డులు కోట్లలో ఉన్నాయి. వాటిని తీసేయడానికి పర్మిషన్ ఉంది, జాబ్ కూడా రెడీగా ఉంది. ఇంకేముంది, వీటిని లేపేస్తే సరిపోతుందని సబ్మిట్ చేశా.

రెండు గంటలకు జాబ్ పూర్తయింది. రికార్డులు పోయాయి. డిస్క్‌లో మాత్రం ఒక్క సిలిండర్ కూడా ఖాళీ అవ్వలేదు. కాసేపటికి ట్రాన్సాక్షన్ టేబుల్‌కి చోటు దొరక్క బ్యాచ్ ఆగిపోయింది.

ఖాళీ అయిన చోటు ఎవరిది?

మా సీనియర్ అక్కకి ఫోన్ చేస్తే ఒక్క మాటలో తేల్చేసింది: "తమ్ముడూ, నువ్వు గదులు ఖాళీ చేశావు, ఇల్లు ఖాళీ చెయ్యలేదు."

డీబీ2 డేటాని పేజీల్లో దాస్తుంది. చిన్న పేజీ సైజ్ 4 కేబీ. మెయిన్‌ఫ్రేమ్‌లో బాగా వాడే 3390 డిస్క్ లెక్కలో ఒక ట్రాక్‌కి అలాంటి పేజీలు 12 పడతాయి, 15 ట్రాక్‌లు కలిస్తే ఒక సిలిండర్. టేబుల్ పెరిగేకొద్దీ దాని డేటాసెట్ డిస్క్ నుంచి చోటు తీసుకుంటూ పోతుంది. రికార్డు డిలీట్ చేస్తే పేజీలో ఆ భాగం ఖాళీ అవుతుంది, అంతే. ఆ పేజీ ఇంకా అదే టేబుల్ పేరు మీద ఉంటుంది. రేపు అదే టేబుల్‌లోకి కొత్త రికార్డు వస్తే అక్కడ కూర్చోవచ్చు. పక్క టేబుల్ మాత్రం దాన్ని ముట్టుకోలేదు. మన అద్దింట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయని పక్కింటాయన వచ్చి సామాన్లు పెట్టుకోలేడు కదా!

పైగా ఇంకో ట్విస్ట్. డిలీట్ చేసిన ప్రతి రికార్డునీ డీబీ2 లాగ్‌లో రాసుకుంటుంది, మధ్యలో ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకురావాలి కాబట్టి. అంటే చోటు కోసం నేను నడిపిన జాబ్, లాగ్‌ల రూపంలో ఎదురు చోటు తినేసింది.

మరి చోటు తిరిగి ఎలా వస్తుంది?

దానికి రీఆర్గ్ అనే యుటిలిటీ ఉంది. మిగిలిన రికార్డులను కొత్త డేటాసెట్‌లో వరసగా సర్ది, చివర్లో పాతదాన్ని తీసేస్తుంది. డిస్క్‌కి చోటు తిరిగొచ్చేది అప్పుడే. ఆన్‌లైన్ రీఆర్గ్ అయితే అప్లికేషన్లు నడుస్తుండగానే ఇదంతా జరుగుతుంది. కానీ పని పూర్తయ్యేదాకా పాత కాపీ, కొత్త కాపీ రెండూ డిస్క్‌లో ఉండాలి. ఖాళీ చెయ్యాలంటే ముందు ఖాళీ కావాలి! మాకేమో డిస్క్ ఫుల్. చివరికి స్టోరేజ్ టీమ్‌ని నిద్రలేపి కొత్త వాల్యూమ్ యాడ్ చేయించాం. బ్యాచ్ మళ్లీ మొదలై ఉదయానికి ఎలాగో గట్టెక్కింది. రీఆర్గ్ ఆ తర్వాత తీరిగ్గా చేశాం.

ఇది డీబీ2 ఒక్కదాని కథ కాదు. మెయిన్‌ఫ్రేమ్‌లో వీశామ్ అనే ఫైల్ పద్ధతి ఉంది. అందులో కీ నంబర్లు పెరుగుతూ పోయే ఫైల్‌లో పాత రికార్డులు తీసేస్తే, ముందు భాగం ఖాళీగా ఉండిపోయి ఫైల్ చివర మాత్రం పెరుగుతూ పోయేది. అలా పూర్తిగా ఖాళీ అయిన భాగాలను సిస్టమే తిరిగి వాడుకునే సౌకర్యం 2010లో జెడ్/ఓఎస్ 1.12తో వచ్చింది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి

ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కువగా వాడే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్. కొన్ని సెట్టింగ్‌లలో ఇదీ అదే దారి. డిలీట్ చేస్తే పేజీలు ఫ్రీ లిస్ట్‌లోకి వెళ్తాయి, ఫైల్ సైజ్ తగ్గదు. తగ్గాలంటే యాప్ వాక్యూమ్ కమాండ్ నడపాలి. దానికి ఒరిజినల్ ఫైల్ సైజ్‌కి రెండింతల దాకా ఖాళీ అవసరం పడొచ్చు.

అందుకే నేను పాటించే రూల్స్ మూడు:

1. చోటు అర్జెంటుగా కావాలంటే టెక్స్ట్ చాట్ల జోలికి వెళ్లను. వీడియోలు, ఫొటోలు విడి ఫైళ్లు కాబట్టి ముందు వాటినే తీస్తాను. ట్రాష్ ఫోల్డర్ కూడా ఖాళీ చేస్తాను.

2. ఫోన్ పూర్తిగా నిండేదాకా ఆగను. సర్దుకోవడానికి కూడా కాస్త చోటు కావాలి.

3. ఫోన్ అమ్మేముందు మెసేజ్‌లు డిలీట్ చేసి ఊరుకోను. ఖాళీ అయిన పేజీల్లో పాత అక్షరాలు మిగిలిపోవచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ తప్పనిసరి.

ఇప్పటికీ ఎవరైనా "డిలీట్ చేశా బ్రో, స్పేస్ వచ్చేస్తుంది" అంటే నా మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ స్పేస్ ఎవరికి వస్తుంది?