ఒక్క ఆర్డరు... ఎన్ని అర్థాలో!

కర్నూలులో ఏ హోటల్లో కూర్చున్నా 'ఆర్డర్ చెప్పండి సార్' అంటాడు సర్వరు. ఉగ్గాని, బజ్జీ అంటాం. అక్కడ ఆర్డరు వేసేది మనం. లేచి కోర్టు మెట్లెక్కామో, సీను మారిపోతుంది. ఆర్డరు వేసేది జడ్జిగారు... పాటించాల్సింది మనం!

ఫోను మూగబోతే 'అవుటాఫ్ ఆర్డర్'. ఊళ్లో తలలు పగిలితే 'లా అండ్ ఆర్డర్' సమస్య. ఒకప్పుడు పట్నంలో ఉన్న కొడుకు పంపింది మనియార్డరు. ఇంగ్లిషువాడు అన్నిటికీ ఒక్క మాటే వాడాడు. మనకేమో ఆజ్ఞ, ఉత్తర్వు, పురమాయింపు, క్రమం, వరస... దేనికది వేరు.

దీని మూలం లాటిన్‌లోని 'ఓర్డో'. అంటే వరసే! మన వరసకు ఇంకో అర్థమూ ఉంది. 'మీకు వరసకు ఏమవుతాడు?' అని అడిగామంటే చుట్టరికం కూపీ లాగుతున్నట్టే.

సీమ రైతుకు మాత్రం ఆర్డరంటే ముందు గుర్తొచ్చేది జీవో. గవర్నమెంట్ ఆర్డర్. 1996లో వచ్చిన 69వ నంబరు జీవో శ్రీశైలం జలాశయం కనీస నీటిమట్టాన్ని 854 అడుగుల నుంచి 834కు దించింది. ఇరవై అడుగులేగా అనిపిస్తుంది. కానీ సీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు గేట్ల అడుగుమట్టం 841 అడుగులు. నీరు అంతకన్నా దిగితే కాలువలోకి చుక్క రాదు. అందుకే ఆ అంకె మీద అంత పోరాటం జరిగింది. 2004లో 107వ నంబరు జీవో మళ్లీ 854 చేసింది. 2005లో 170వ నంబరు జీవో పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచేందుకు వచ్చింది.

మరి ఆర్డరు వస్తే నీళ్లొచ్చినట్టేనా? కాగితం మీద 854 ఉన్నా, జలాశయం అంతకన్నా కిందికి పోయిన ఏళ్లున్నాయి.

ఇక్కడే రెండో అర్థం అవసరమవుతుంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొన్న కేసీ కాలువనే చూడండి. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వస్తుంది. నీళ్లు తక్కువైన ఏడాది వంతులు వేసుకోవాల్సిందే. పైవాళ్లు వంతు తప్పితే ఎండేది చివరివాళ్ల చేనే.

ఉత్తర్వు ఇవ్వడానికి ఒక సంతకం చాలు. వరస నిలవాలంటే కాలువ పొడవునా అందరూ మాట మీద ఉండాలి. చివరి మడి తడిసిన రోజే ఆ ఆర్డరు అమలైనట్టు!